వడ్డీ లేని అప్పుకి వడ్డీ ఎంత?



మన లెక్కల పుస్తకంలో అసలు, కాలం, రేటు అన్నీ ఇచ్చేస్తారు. సంతలో రేటు ఎవరూ చెప్పరు, మనమే కనుక్కోవాలి. మా ఊరి వైపు శ్రావణంలో ఇంట్లో గింజలు అయిపోతే షావుకారు చింతపండు మీద ముందుగా డబ్బులిస్తాడు. "వడ్డీ వద్దు. పండు నాకే వెయ్యండి, కిలోకి అయిదు రూపాయలు తగ్గించి కడతాను" అంటాడు. ఈసారి మా అయ్య కూడా తీసుకున్నాడు. అందుకే ఈ లెక్క మీద కూర్చున్నాను. కింది అంకెలు మాత్రం మా ఇంటివి కావు, లెక్క తేలిగ్గా తెగాలని వేసుకున్నవి.

అప్పు 2000 రూపాయలు, 7 నెలలు. పండు అమ్మే రోజు సంతలో ధర కిలో 35. షావుకారు కట్టేది 30. ఇంటి నుంచి మోసుకెళ్ళింది 110 కిలోలు, ఆయన త్రాసులో తూగింది 100. ఆయన పుస్తకంలో ఇలా ఉంటుంది:

చింతపండు 100 కిలోలు – 3000
అప్పు మినహాయింపు – 2000
చేతికిచ్చింది – 1000
వడ్డీ – లేదు

ఎన్నిసార్లు కూడినా తప్పు దొరకదు. జమాఖర్చులో రాసిందే కనిపిస్తుంది కదా.

ఇప్పుడు మన లెక్క. 110 × 35 = 3850. ఆయన కట్టింది 3000. తేడా 850. ఇందులో ధరలో పోయింది 500, తూకంలో 350. 2000కి 7 నెలలకు 850 అంటే నూటికి నెలకు 6 రూపాయల పైనే. నూటికి 2 రూపాయలని చెప్పి ఇచ్చేవాళ్ళ దగ్గరైతే 280తో తీరిపోయేది.

మా నాయనమ్మ ఒప్పుకోదు. "అర్ధరాత్రి జ్వరమొస్తే డబ్బులిచ్చింది ఆయనే" అంటుంది. అదీ నిజమే. పంట పోతే ఆయన డబ్బూ ఆగిపోతుంది, కాబట్టి వడ్డీ అడగడం తప్పని నేననను. ధర తగ్గిస్తానని ముందే చెప్పాడు, అది బేరం. త్రాసు సంగతి చెప్పలేదు, అది దొంగతనమే. మన సరుకు కొనడానికి 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది గానీ, పండు ముందే ఒకరికి మాటిచ్చేశాక అక్కడికెలా మోస్తాం? ఏజెన్సీలో అప్పులిచ్చే వ్యాపారికి లైసెన్సు ఉండాలని 1960 నాటి రెగ్యులేషను చెబుతోంది. అదీ అడిగి చూడాలి.

త్రాసు కాడ రెండు చేతులూ సమానంగా లేకపోతే తూకం మారుతుంది. సరుకు వైపు 20 సెంటీమీటర్లు, రాళ్ళ వైపు 22 ఉంటే 11 కిలోల సరుకు 10గా తూగుతుంది (11 × 20 = 10 × 22). పట్టుకోవడం సులువు. సరుకునీ రాళ్ళనీ తట్టలు మార్చి మళ్ళీ తూయమనండి. ఈసారి 12.1 వస్తుంది. రెండూ గుణిస్తే 121, దాని వర్గమూలం 11. అదే అసలు బరువు! రాళ్ళు కూడా తిరగేసి చూడాలి, అడుగున సీసం మీద ప్రభుత్వ ముద్ర ఉండాలి. కరెంటు కాటా అయితే తట్టలు మార్చడం కుదరదు. విప్పని కిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టి చూడండి. కవరు బరువుతో కలిపి కిలోకి కొంచెం ఎక్కువే చూపాలి, తగ్గితే అనుమానించాలి.

మీకు ఒక లెక్క: 1500 అప్పు, 5 నెలలు, వడ్డీ లేదు. కానీ 60 కొండచీపురు కట్టలు, కట్టకి 4 రూపాయలు తగ్గించి ఇవ్వాలి. నూటికి నెలకు వడ్డీ ఎంత? జవాబు చీటీ మీద రాసి ఈ చార్టు కింద గుచ్చండి.

– 9వ తరగతి విద్యార్థిని