సెమినారుకు ముందు బుజ్జికి

చి. బుజ్జికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన సెమినారు ఫైలు మొదటినుంచి చివరిదాకా చూశాను. గోదావరి వరదల గురించి మాట్లాడాలనుకున్నందుకు చాలా సంతోషం. భద్రాచలం నీటిమట్టాలు ఏళ్లవారీగా ఎంతో ఓపిగ్గా సేకరించావు. కానీ తల్లీ, పడ్డ కష్టమంతా తెరమీద కనబడాలన్న ఆరాటంలో అసలు సంగతి మరుగున పడింది. పది నిమిషాల సమయానికి ముప్పై స్లైడులా? ప్రతిదాని నిండా అక్షరాలే. నువ్వు వాటిని చదవడం మొదలుపెట్టేసరికి క్లాసు పిల్లలు నీకన్నా ముందే చదివేసి ఫోన్లు తీస్తారు. చదవడం, వినడం రెండూ ఒకేసారి ఎవరివల్లా కాదు.

ముందు కంప్యూటరు మూసెయ్యి. ఒక తెల్లకాగితం తీసుకో. సెమినారు అయ్యాక క్లాసులోంచి బయటికొచ్చే పిల్లవాణ్ని ‘ఆ అమ్మాయి ఏం చెప్పింది?’ అని ఎవరైనా అడిగితే, వాడి నోట రావలసిన ఒక్క వాక్యం రాయి. నీ అంకెలు చూశాక నాకు తోచింది ఇది: మూడో ప్రమాద హెచ్చరిక దాటాక కూడా గోదావరి ఇంకా చాలా ఎత్తు పెరగగలదు, కాబట్టి లోతట్టు ఊళ్లను ఖాళీ చేయించడానికి ఆ హెచ్చరిక దాకా ఆగకూడదు. నీకు ఇంకోటి తోచవచ్చు, అదే రాసుకో. ఆ వాక్యానికి పనికిరాని స్లైడు ఎంత అందంగా ఉన్నా తీసెయ్యి. విషయసూచిక, నది పుట్టుక, ఉపనదుల జాబితా అన్నీ పోవాలి.

నీ ఏడో స్లైడులో ఉన్న పెద్ద పట్టిక వెనక బెంచీకి కనబడదు. దాని బదులు ఒక బొమ్మ గియ్యి. భద్రాచలం దగ్గర మూడు హెచ్చరికలు 43, 48, 53 అడుగులు కదా, వాటికి మూడు అడ్డగీతలు. పక్కన రెండే కడ్డీలు: 1986 ఆగస్టు వరద 75.6 అడుగులు, 2022 జూలై వరద 71.3 అడుగులు. పైన ‘వరద వివరాలు’ అని పెట్టకు. ‘2022లో గోదావరి మూడో హెచ్చరికను 18 అడుగులు దాటింది’ అని పెట్టు. చూసిన క్షణంలోనే సంగతి తెలిసిపోతుంది. మిగతా ఏళ్ల అంకెలు ఫైలు చివర దాచుకో, ఎవరైనా అడిగితే తీసి చూపొచ్చు.

శీర్షిక గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక పైకి లేచిన కాసేపటికే ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నష్టం ఎంతుంటుందో ఇంజనీర్లు స్లైడుల్లో పెట్టి నాసా అధికారులకు వివరించారు. వాటిలో ఒకదాని శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో మాత్రం, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, తగిలినది సుమారు 1920 అని ఉంది. అంటే 640 రెట్లు! ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో కల్పనా చావ్లాతో సహా నౌకలోని ఏడుగురూ చనిపోయారు. ఆ స్లైడే ప్రమాదానికి కారణమని నేననను. కానీ ఎడ్వర్డ్ టఫ్టీ అనే ఆచార్యుడు ఆ స్లైడును ఒక్కో వరసా విడదీసి చూపించాడు, దర్యాప్తు బోర్డు తన నివేదికలో ఆ విశ్లేషణను చేర్చుకుంది. ముఖ్యమైన నిజం ఎప్పుడూ అడుగున ఉండకూడదు, బుజ్జీ. నువ్వు చెప్పేదీ మనుషుల ప్రాణాలతో ముడిపడ్డ సంగతే.

అక్షరాల మాట. తెలుగుకు వత్తులు, గుడులు ఉన్నాయి, వరసల మధ్య చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లీషుకు సరిపోయే సైజు మనకు సరిపోదు. యూనికోడ్‌లోనే టైపు చెయ్యి, లేకపోతే కాలేజీ కంప్యూటరులో నువ్వు వాడిన ఫాంటు లేక అంతా పిచ్చిగీతలవుతుంది. పీడీఎఫ్ కాపీ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకో. తెల్లని తెరమీద పసుపు అక్షరాలు పెట్టావు, ట్యూబులైటు వెలుగులో అవి కనబడవు. అక్షరాలు ఎగిరొచ్చే హంగులు అసలు వద్దు.

ఇక మాట్లాడటం. బట్టీ పట్టకు. మొదటి రెండు వాక్యాలు మాత్రం నోటికి రావాలి, గుండెదడ తగ్గేదాకా అవే నిన్ను నడిపిస్తాయి. మిగతాది అమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, ఫోనులో టైము పెట్టుకుని, గట్టిగా చెప్పిచూడు. మనసులో అనుకోవడం సాధన కాదు. అమ్మకు అర్థం కాని చోటే క్లాసుకీ అర్థం కాదు. ‘క్యూసెక్కు’ అనగానే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు అని చెప్పెయ్యి. తెర వైపు తిరిగి మాట్లాడకు, పక్కన నిలబడి వెనక వరసను చూడు. అందరూ నిన్నే చూడాలనుకున్నప్పుడు కీబోర్డు మీద ‘బి’ నొక్కితే పవర్‌పాయింట్ తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. కడ్డీల బొమ్మ చూపించాక ఒక్క క్షణం ఆగు, వాళ్లను చూడనివ్వు.

ప్రశ్న అడిగితే పూర్తిగా విను. తెలియకపోతే ‘తెలియదు, కనుక్కుని చెబుతాను సార్’ అను, అందులో చిన్నతనం ఏమీ లేదు. ‘థాంక్యూ’ స్లైడు తీసెయ్యి. ప్రశ్నలు జరుగుతున్నంతసేపూ తెరమీద ఆ కడ్డీల బొమ్మే ఉండాలి.

ఎనిమిది స్లైడులకు మించకుండా మళ్లీ చేసి శనివారం లోపు పంపు. ఆదివారం పొద్దున ఫోను చెయ్యి, మొత్తం వింటాను.

నీ
పెదనాన్న