చక్రాల ఇంట్లో ఆకాశ రేడియో

ఇంట్లో రేడియో పెట్టుకోవడం తేలిక. బల్లమీద పెట్టి మీట నొక్కితే చాలు. మరి ఇల్లే కదిలిపోతూ ఉంటే?

ఇల్లు కదలడమేమిటని నవ్వకండి. అమెరికాలో సెలవులు రాగానే ఎన్నో కుటుంబాలు ఒక చిన్న ఇంటిని కారు వెనుక తగిలించుకుని ప్రయాణం కడతాయి. అందులో పడకలు, పొయ్యి, నీళ్ల తొట్టి అన్నీ ఉంటాయి. దీనిని ట్రావెల్ ట్రైలర్ అంటారు. మన రైతులు ట్రాక్టరుకు తగిలించే ట్రైలర్ వంటిదే. దానిమీద గది కట్టినట్లు ఊహించుకోండి.

ఈ ఇల్లు నెవాడా ఎడారి మీదుగానో, మోంటానా మైదానాల మీదుగానో వెళుతున్నప్పుడు గంటల తరబడి ఊరనేది కనబడదు. సెల్‌ఫోన్ పలకని చోట్లు కూడా ఉంటాయి. అటువంటి దారిలో వార్తలు చెప్పే గొంతు, పాట వినిపించే గొంతు ఒక్కటే, రేడియో. తక్కువ ఖర్చుతో దానిని ఈ ఇంట్లో పలికించడం ఎలాగో చూద్దాం. ఇందులో డబ్బుకన్నా భౌతికశాస్త్రమే ఎక్కువగా పనికివస్తుంది.

ఎఫ్.ఎం. ఎందుకు ఆగిపోతుంది?

ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు సూటిగా ప్రయాణిస్తాయి. భూమి మాత్రం గుండ్రంగా ఉంది. 150 మీటర్ల ఎత్తయిన స్తంభం నుంచి బయలుదేరిన తరంగాలకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో దిగంతం అడ్డువస్తుంది. అది దాటితే పాటలో హోరు కలుస్తుంది. ఇంకొంత దూరం పోతే హోరు మిగిలి, పాట పోతుంది.

స్తంభాన్ని ఇంకా ఎత్తుగా కడితే? ఎంత ఎత్తుగా కట్టగలం? ఈ ప్రశ్నకు 1945లో ఆర్థర్ సి. క్లార్క్ ఒక జవాబు సూచించాడు. భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమితో సమానంగా ఒక రోజుకు ఒక చుట్టు తిరుగుతుంది. కింద నుంచి చూసేవారికి అది ఒకేచోట నిలిచినట్లు ఉంటుంది. అంటే ఆకాశంలో పాతిన స్తంభమే!

అమెరికాలో ఎక్స్‌ఎం అనే సంస్థ 2001లో ఇటువంటి ఉపగ్రహాలు రెండింటిని పంపింది. వాటికి సరదాగా ‘రాక్’, ‘రోల్’ అని పేర్లు పెట్టారు. అదే ఏడు ప్రసారాలు మొదలయ్యాయి. సిరియస్ అనే మరో సంస్థ 2002లో రంగంలోకి దిగింది. 2008లో ఇవి రెండూ కలిసి సిరియస్ ఎక్స్‌ఎం అయ్యాయి. దేశానికి ఈ చివర బయలుదేరి ఆ చివరకు వెళ్లినా స్టేషను మార్చకుండా వినవచ్చు.

అగ్గిపెట్టెంత ఏంటెన్నా

ఈ ప్రసారాల పౌనఃపున్యం సుమారు 2,330 మెగాహెర్ట్జ్. కాంతి వేగాన్ని దీనితో భాగించి చూడండి. తరంగదైర్ఘ్యం సుమారు 13 సెంటీమీటర్లు వస్తుంది. ఎఫ్.ఎం. తరంగదైర్ఘ్యం దాదాపు 3 మీటర్లు. తరంగం చిన్నదైతే ఏంటెన్నా కూడా చిన్నది చేయవచ్చు. అందుకే కారుమీద పెట్టే ఈ ఏంటెన్నా అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదిగా మాత్రమే ఉంటుంది. టీ.వీ. పళ్లెంలా దీనిని గురిపెట్టనక్కరలేదు. అయితే దానికి, ఉపగ్రహానికి మధ్య అడ్డు ఉండకూడదు.

మరి వంతెన కింద నుంచి వెళితే పాట ఆగిపోదా? దీనికి ఇంజనీర్లు చక్కని ఉపాయం పన్నారు. ఒక ఉపగ్రహం ప్రసారం చేసినదే రెండవ ఉపగ్రహం సుమారు 4 సెకన్లు ఆలస్యంగా పంపుతుంది. రేడియో సెట్టు ముందు వచ్చినదానిని దాచి ఉంచుకుని, రెండింటినీ సరిచూసి వినిపిస్తుంది. వంతెన కింద ఒకదానిలో పోయిన ముక్క రెండవదానిలో దొరుకుతుంది. నగరాలలో ఎత్తయిన మేడలు అడ్డువచ్చే చోట నేలమీద సహాయ ప్రసారిణులు ఉంటాయి.

పైకప్పు ఏమిటో చూడండి

ఇప్పుడు మన చక్రాల ఇంటికి వద్దాం. కొన్ని ట్రైలర్ల గోడలు, కప్పు అల్యూమినియం రేకుతో చేస్తారు. లోహపు రేకు రేడియో తరంగాలను లోపలికి రానివ్వదు. అటువంటి ఇంట్లో ఏంటెన్నా తప్పకుండా బయటే ఉండాలి. మరికొన్నింటికి ఫైబర్‌గ్లాసు కప్పు గాని, చెక్కమీద రబ్బరు పరచిన కప్పు గాని ఉంటుంది. వీటిగుండా తరంగాలు కొంత బలం తగ్గినా దూరిపోతాయి. కనుక లోపలే ఏంటెన్నా పెట్టి ముందు ప్రయత్నించవచ్చు.

ఇంకొక చిక్కు ఉంది. కారు ఏంటెన్నా అడుగున అయస్కాంతం ఉంటుంది. కారు పైకప్పు ఉక్కు కాబట్టి అది అతుక్కుంటుంది. అల్యూమినియం రేకుకు గాని, ఫైబర్‌గ్లాసుకు గాని అయస్కాంతం అతుక్కోదు. దీనికి ఖరీదైన సామాను అక్కరలేదు. అరచేతి వెడల్పు ఉక్కు రేకుకు తుప్పు పట్టకుండా రంగు వేసి, కప్పుమీద జిగురుతో అతికిస్తే ఏంటెన్నాకు పీట అవుతుంది.

తక్కువ ఖర్చు దారులు

ఒకటి: రెండు సెట్లు కొనకండి. ప్రతి సెట్టుకూ విడిగా చందా కట్టాలి. కారులో నుంచి ఊడదీసి ట్రైలర్‌లో తగిలించుకునే చిన్న సెట్టు ఉంటే ఒక్క చందా సరిపోతుంది. ట్రైలర్‌కు మరొక పీఠం, మరొక ఏంటెన్నా ఉంటే చాలు.

రెండు: శబ్దాన్ని ట్రైలర్‌లోని స్పీకర్లకు మామూలు ఆడియో తీగతో కలపండి. ఇదే చవక, ఇదే స్పష్టం. తీగ పెట్టే చోటు లేకపోతే చిన్న ఎఫ్.ఎం. ప్రసారిణిని వాడతారు. కాని దగ్గరలో అదే పౌనఃపున్యం మీద వేరే స్టేషను ఉంటే రెండూ కలిసిపోతాయి.

మూడు: ఏంటెన్నా తీగను ఇష్టం వచ్చినట్లు పొడిగించకండి. ఇంత ఎక్కువ పౌనఃపున్యం దగ్గర సన్నని తీగలో రెండు మీటర్లు నడిచేసరికే సగానికి సగం శక్తి పోతుంది. అందుకే ఏంటెన్నాలోనే చిన్న వర్ధకం అమర్చుతారు. దానికి కావలసిన విద్యుత్తు కూడా అదే తీగలో వెళుతుంది. ఎక్కడైనా తెంచి అతుకు వేస్తే రెండు పనులూ చెడతాయి.

నాలుగు: బండి ఆపే చోటు చూసుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు! అమెరికా భూమధ్యరేఖకు ఉత్తరాన ఉంది కాబట్టి ఉపగ్రహాలు దక్షిణ ఆకాశంలో ఉంటాయి. మోంటానా నుంచి చూస్తే దిగంతం మీద సుమారు 35 డిగ్రీల ఎత్తులోనే ఉంటాయి. దక్షిణాన పైన్ చెట్ల గుంపు ఉంటే రేడియో మూగబోతుంది. తడిసిన ఆకులైతే తరంగాలను మరింతగా మింగేస్తాయి. చెట్టునీడ మనకు హాయి, ఏంటెన్నాకు కాదు.

మన దేశంలో

ఉపగ్రహ రేడియో మనకూ కొత్త కాదు. వరల్డ్‌స్పేస్ అనే సంస్థ 2000లో ఆసియాస్టార్ అనే ఉపగ్రహాన్ని పంపింది. మన ఇళ్లలో చిన్న పలక వంటి ఏంటెన్నాను ఆగ్నేయ దిశకు తిప్పి దాని ప్రసారాలు వినేవారు. అందులో తెలుగు పాటలూ వచ్చేవి. కాని 2008లో ఆ సంస్థ దివాలా తీసింది. 2009 డిసెంబరు 31తో మన దేశంలో ప్రసారాలు ఆగిపోయాయి. డబ్బు పెట్టి కొన్న సెట్లు ఒక్క రాత్రిలో మూగబోయాయి. సెట్టు ఎంత మంచిదైనా, పైనుంచి పంపేవారు లేకపోతే అది ఉత్త పెట్టె.

దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌లో టీ.వీ.తోపాటు ఆకాశవాణి ప్రసారాలు కూడా వస్తాయి. దానికి నెల చందా లేదు. కాని దాని తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్ల కన్నా తక్కువ. పళ్లెం సరిగ్గా ఉపగ్రహం వైపే చూడాలి. కనుక అది కదలని ఇంటికి బాగుంటుంది, నడిచే బండికి కుదరదు.

చేసి చూడండి

బ్యాటరీతో నడిచే చిన్న ఎఫ్.ఎం. రేడియోను ఒక స్టేషనుమీద పెట్టండి. దానిని ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి మూత వేయండి. పాట వినిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఏరియల్ బయటికి రాకుండా స్టీలు డబ్బాలో ఉంచి మూత గట్టిగా బిగించి, చెవి ఆనించి వినండి. పాట బలహీనపడి హోరు వస్తుంది. మూత కొద్దిగా తెరవండి, ఏమవుతుందో రాసుకోండి. అల్యూమినియం ట్రైలర్‌లో జరిగేది ఇదే.

ఆలోచించండి

1. ఆసియాస్టార్ సుమారు 1,480 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం చేసేది. దాని తరంగదైర్ఘ్యం ఎంత?

2. 36,000 కిలోమీటర్ల దూరం నుంచి పాట మనకు చేరడానికి ఎంత సమయం పడుతుంది?

3. దక్షిణార్ధగోళంలో ఉన్న ఆస్ట్రేలియాలో ఇటువంటి ఏంటెన్నాకు ఏ దిక్కు ఆకాశం తెరిచి ఉండాలి?

జవాబులు: 1. సుమారు 20 సెంటీమీటర్లు. 2. సుమారు 0.12 సెకను. 3. ఉత్తరం.