కరెంటు పోయిందంటే, పోయింది ఏది?

తెలుగులో ‘కరెంటు’ అనే మాటకి ఉన్నంత చాకిరీ ఇంకే మాటకీ లేదేమో. సరఫరా ఆగితే కరెంటు పోయింది అంటాం. నెల తిరిగేసరికి వచ్చేది కరెంటు బిల్లు. తీగ తగిలితే కరెంటు షాక్. స్తంభం కూడా కరెంటు స్తంభమే. ఫిజిక్స్ ప్రకారం చూస్తే మాత్రం ఇవన్నీ వేరు వేరు సంగతులు. సరఫరా ఆగినప్పుడు పోయేది వోల్టేజీ. బిల్లు వేసేది ఎనర్జీకి. ఇక అసలు కరెంటు, అంటే ఆంపియర్లలో కొలిచేది, మనం స్విచ్ కట్టేసిన ప్రతిసారీ పోతూనే ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు! మన వాడుకలో సరిగ్గా కుదిరిన మాట ‘లో వోల్టేజీ’. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

తెలుగు మీడియం పుస్తకాల్లో రెసిస్టెన్స్‌ని నిరోధం అంటారు, పవర్‌ని సామర్థ్యం అంటారు. నిరోధం అనగానే నాలాంటి ఇంగ్లీష్ మీడియం వాళ్లకి కూడా అడ్డుకునేదని తెలిసిపోతుంది. సామర్థ్యం అంటే మాత్రం రెజ్యూమెలో రాసుకునేది గుర్తొస్తుంది. అందుకని పవర్ అనే అంటాను, తెలుగు క్లబ్ వాళ్లు క్షమించాలి.

సూత్రాలు రెండే. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, గుణిస్తే పవర్. మొదటిది 1827లో ఓమ్ తన పుస్తకంలో పెట్టాడు. ఆయన జర్మనీలో పిల్లలకి లెక్కలు, ఫిజిక్స్ చెప్పుకున్న మాస్టారు.

ఇప్పుడు హాస్టల్లో అందరికీ తెలిసిన వస్తువు తీసుకుందాం: హీటర్ రాడ్. దాని మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని రాసి ఉందనుకోండి. 1500ని 230తో భాగిస్తే కరెంటు 6.52 ఆంపియర్లు. 230ని 6.52తో భాగిస్తే నిరోధం 35.3 ఓమ్‌లు. లెక్క అయిపోయింది. కానీ మనం దాన్ని గుచ్చే ఎక్స్‌టెన్షన్ బోర్డు చిన్న సాకెట్ మీద 6 ఆంపియర్లు అని ఉంటుంది. రాడ్ ఒక్కటే ఆ గీత దాటేసింది. పక్కనే మ్యాగీ కోసం ఇంకో 1500 వాట్ల కెటిల్ పెడితే బోర్డు వైరులో 13 ఆంపియర్లు. వార్డెన్ తిట్టడానికి కారణం ఇదే, ఆయన ఇంత వివరంగా చెప్పకపోవచ్చు.

అసలు చిక్కు ఇక్కడుంది. పరీక్షల్లో పవర్‌కి ఇంకో రెండు రూపాలు రాస్తాం: వోల్టేజీ వర్గం బై నిరోధం, కరెంటు వర్గం ఇంటూ నిరోధం. మొదటిదాని ప్రకారం నిరోధం పెరిగితే వేడి తగ్గాలి. రెండోదాని ప్రకారం పెరగాలి. మరి ఏది నిజం? రెండూ నిజమే. ఏది మారకుండా నిలబడి ఉందో చూసుకోవాలి, అంతే. రాడ్‌కి గోడలోంచి వచ్చే 230 వోల్టులు దాదాపు మారవు కాబట్టి, నిరోధం తక్కువున్న రాడ్డే ఎక్కువ వేడెక్కుతుంది.

అదే ప్లగ్గు వదులైపోయి పిన్ను దగ్గర అర ఓమ్ నిరోధం చేరిందనుకుందాం. ఇది రాడ్‌తో వరసలో ఉంది. మొత్తం 35.8 ఓమ్‌లు, కరెంటు 6.43 ఆంపియర్లు. ఎంత పోవాలో నిర్ణయించేది రాడ్, ప్లగ్గు దాన్ని మోస్తుంది. 6.43 వర్గాన్ని 0.5తో గుణిస్తే 20 వాట్ల పైనే! ఈసీఈ వాళ్ల ల్యాబ్‌లో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సీసాన్ని కరిగిస్తుంది కదా, దాదాపు అంత వేడి ఒక ప్లాస్టిక్ ప్లగ్గులో. పిన్ను దగ్గర తగ్గింది 3.2 వోల్టులే, కాబట్టి నీళ్లు మామూలుగానే కాగుతాయి, మనకి తేడా తెలీదు. ఇంకా ఘోరం ఏంటంటే, కరెంటు పెరగలేదు, కాస్త తగ్గింది. ఎంసీబీ పడేది కరెంటు హద్దు దాటితేనే. ఇక్కడ దానికి పడే కారణమే లేదు. ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపిస్తే అది మురికి కాదు, ఈ లెక్కే.

ఒక చిన్న హెచ్చరిక. పాత ఫిలమెంట్ బల్బు 230 వోల్టులు, 100 వాట్లది అయితే నిరోధం 529 ఓమ్‌లు రావాలి. ఆరిపోయి ఉన్నప్పుడు మల్టీమీటర్ పెడితే ఇంచుమించు 40 మాత్రమే చూపిస్తుంది. మీటర్ పాడవలేదు. టంగ్‌స్టన్ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. వెలుగుతున్న బల్బు లెక్క వేరు, చల్లటి బల్బు లెక్క వేరు.

సరే, లో వోల్టేజీ. 230 కాస్తా 180 అయితే రాడ్‌లో కరెంటు 5.1కి, పవర్ సుమారు 918 వాట్లకి పడిపోతుంది. 15 లీటర్ల బకెట్ నీళ్లు 20 డిగ్రీలు వేడెక్కడానికి, బయటికి పోయే వేడి వదిలేస్తే, 14 నిమిషాల బదులు 23 నిమిషాలు. ఎనిమిది గంటల క్లాసుకి ఆలస్యం, అంతకు మించి నష్టం లేదు.

పొలంలో బోరు మోటారుకి అలా కాదు. నీళ్లు పైకి తోడే పని అంతే ఉంటుంది. వోల్టేజీ తగ్గితే ఆ పని కోసం మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. మోటారు పూర్తి లోడ్ మీద ఉండగా 415 వోల్టుల త్రీఫేజ్ లైన్ 332కి పడిందనుకోండి, అంటే అయిదో వంతు తగ్గింది. కరెంటు దాదాపు పావు వంతు పెరుగుతుంది. లోపల చుట్టిన రాగి తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి కాబట్టి, 1.25 వర్గం, అంటే ఒకటిన్నర రెట్లు దాటింది. గంటల తరబడి అలాగే నడిస్తే తీగ మీది పూత మాడుతుంది, చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ‘లో వోల్టేజీకి మోటారు కాలిపోయింది’ అని ఊళ్లో అంటే, తక్కువ వస్తే ఎలా కాలుతుందని సిటీ వాళ్లు నవ్వుతారు. ఆ రైతు చెప్పింది అక్షరాలా కరెక్ట్. బోర్లోంచి పైపులన్నీ పైకి లాగి, మోటారు విప్పి, రివైండింగ్ చేయించి మళ్లీ దింపేసరికి పైరు ఎన్ని రోజులు ఎండిందో ఆయన్నే అడగాలి.