ఇంటి వై-ఫై ఆగినపుడు

గ్రామపంచాయతీలను ఫైబరు తీగతో కలుపుటకు కేంద్ర ప్రభుత్వము 2011 లో ఆమోదించిన పథకమే నేటి భారత్‌నెట్. ఇంటర్నెట్టు నేడు మన యిండ్లకును వచ్చినది. బిడ్డల దరఖాస్తుకు కడపటి దినమున అది ఆగినచో నష్టము స్వల్పము కాదు. కావున లోపమెచ్చట నున్నదో మనము గుర్తింప నేర్వవలెను.

మొదట వేరొక ఫోనును వై-ఫైకి కలిపి చూడవలెను. అది పనిచేసినచో లోపము మొదటి ఫోనుదే. రెండును పనిచేయనిచో పెట్టె దీపములను గమనింపవలెను. దీపములే లేనిచో కరెంటును, ప్లగ్గును పరీక్షింపవలెను. ‘ఎల్.ఓ.ఎస్.’ దీపము ఎఱ్ఱగా నున్నచో ఫైబరు వెంట రావలసిన వెలుగు పెట్టెకు అందుట లేదని యర్థము. తీగ తెగియుండవచ్చును, లేదా మడత పడియుండవచ్చును. అది సన్నని గాజుపోగు. దానిని మనము అతుకరాదు, దాని కొనలోనికి కన్నుపెట్టి చూడరాదు.

ఎఱ్ఱదీపము లేనిచో పెట్టెను ఆపి, అర నిమిషము తాళి, మరల వెలిగింపవలెను. రీసెట్ మీటను మాత్రము నొక్కి పట్టరాదు, అమరికలన్నియు చెరిగిపోవును.

అప్పటికిని పనిచేయనిచో దీపముల రంగు చెప్పి ఫిర్యాదు చేయవలెను. వీధి యంతయు ఆగినచో ఆ మాటయు చెప్పవలెను. మురుగుకాలువ త్రవ్వించునపుడు తీగ పోవు దారిని ముందుగా విచారించుట పంచాయతీ సభ్యులమైన మన విధి.