చిరిగిన మృదులాస్థికి కత్తి తప్పదా?

ప్రశ్న: లాడ్ బజార్‌లో లక్కగాజుల పని చేస్తాను. వయసు 52. మోకాలి ఎమ్మారైలో మెనిస్కస్ అనే మృదులాస్థి చిరిగిందన్నారు. ఆపరేషన్ లేకుండా తగ్గుతుందా?

జవాబు: చాలామందికి తగ్గుతుంది. రిపోర్టులో ‘చిరిగింది’ అన్న మాట భయపెడుతుంది గానీ, యాభై దాటినవాళ్ల మోకాళ్లలో నొప్పి లేకుండానే ఇలాంటి చిరుగులు కనిపిస్తుంటాయి. నెరిసిన జుట్టు లాంటివే అనుకోండి. ఫిన్లాండ్‌లో 146 మందిపై జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. అరుగుదలతో చిరిగిన మెనిస్కస్‌ను కొందరికి నిజంగానే కత్తిరించారు, మిగతావారికి కత్తిరించినట్టు నటించారు. ఏడాదికి రెండు వర్గాల నొప్పీ ఒకేలా తగ్గింది!

ఆపరేషన్‌కు బదులు చేయాల్సింది వ్యాయామం. ‘దాంతో చిరుగు అతుక్కుంటుందా?’ అంటారు. అతుక్కోదు. అతుక్కోనక్కర్లేదు కూడా. తొడ ముందు కండరం బలపడితే మోకాలిపై పడే ఒత్తిడిని అది పంచుకుంటుంది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, అయిదు సెకన్లు కిందికి అదిమి వదలండి, పదిసార్లు. మర్నాటికీ నొప్పి పెరిగే ఉంటే మోతాదు తగ్గించాలి. కుంపటి ముందు బాసింపట్టు మాని ఎత్తు పీట వేసుకోండి. అది లేకుండా వ్యాయామం సగం వృథా. ఫిజియోథెరపీకి వెళ్లి కరెంటు పెట్టించుకుని ఇంటికొచ్చేయడం చికిత్స కాదు.

అందరికీ వ్యాయామం సరిపోదన్నదీ నిజమే. 2013లోనే వచ్చిన అమెరికా అధ్యయనంలో ఫిజియోథెరపీతో మొదలుపెట్టినవారిలో 30 శాతం మంది ఆరు నెలల్లో ఆపరేషన్‌కు వెళ్లారు. మూడు నెలలు వ్యాయామం శ్రద్ధగా చేసి చూడండి. మోకాలు బిగుసుకుపోయి చాచలేకపోతే మాత్రం ఆగకుండా ఎముకల వైద్యుడికి చూపించండి.