ఊళ్లో ముప్పై దాటొద్దు: బండి మీద బతికేవాళ్లకు కొన్ని మాటలు

సాయంత్రం ఐదున్నరకు మెట్‌పల్లి పాత బస్టాండ్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఆర్మూర్ వైపు నుంచి లారీ వస్తుంది, కోరుట్ల పోయే బస్సు కదులుతుంది, పసుపు బస్తాల ట్రాక్టర్ మెల్లగా మలుపు తిరుగుతుంది. వాటి మధ్య నుంచే స్కూలు ఆటోలు, పార్సిల్ బైకులు, సరుకు ట్రాలీలు దూరిపోతుంటాయి. బీడీలు అప్పజెప్పి ఇంటికి పోయే ఆడవాళ్లు అవతలి పక్కకు పోవడానికి సందు కోసం చూస్తుంటారు. నిజామాబాద్ నుంచి జగిత్యాల, మంచిర్యాల వైపు పోయే 63వ నంబర్ జాతీయ రహదారి ఇది. మనకు మాత్రం ఇదే బజారు, ఇదే అడ్డా, ఇదే పిల్లలు బడికి పోయే తోవ.

ఈ సడక్ మీద బండి నడిపి బతికేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేనూ కొన్నాళ్లు ఒక హోల్‌సేల్ దుకాణంలో ట్రాలీ ఆటో నడిపాను. ఒక వానాకాలం సాయంత్రం సేటు మూడోసారి ఫోన్ చేశాడు. "ఏడున్నవ్‌రా, గిరాకీ కూసున్నడు." నేను యాక్సిలేటర్ తిప్పాను. ఆగి ఉన్న రెండు ఆటోల మధ్య నుంచి ఒక పెద్దావిడ చాట పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. బ్రేకు తొక్కితే బండి పక్కకు జారి, ఆమెకు మూరెడు దూరంలో ఆగింది. చాట కిందపడి బీడీ కట్టలు తడి తారు మీద చెదిరాయి. తడిసిన కట్టలు కార్ఖానలో తీసుకోరు. నేను దిగి ఏరి ఇస్తుంటే ఆమె చేతులు వణుకుతున్నాయి. ఒక్క తిట్టూ తిట్టలేదు. "పైలం కొడుకా" అని మాత్రం అంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒక లెక్క వేసుకున్నాను.

లెక్క ఇదీ

ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు మూడు కిలోమీటర్లు అనుకుందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎక్కడా ఆగకుండా పోతే 3 నిమిషాల 36 సెకన్లు పడుతుంది. 30తో పోతే 6 నిమిషాలు. తేడా రెండున్నర నిమిషాలు కూడా లేదు. నిజానికి బజార్లో ఎవరూ ఆగకుండా 50తో పోలేరు. నాలుగు చోట్ల గట్టిగా బ్రేకు వేసి, మళ్లీ నాలుగుసార్లు పరుగు పెట్టించాలి. అంటే మిగిలేది ఇంకా తక్కువ, కాలే డీజిలు ఎక్కువ.

ఇప్పుడు బ్రేకు లెక్క చూడండి. మనిషి అడ్డం వచ్చాడని కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి పోయేసరికి సుమారు ఒక సెకను గడుస్తుంది. 30 వేగంలో ఆ సెకనులో బండి 8 మీటర్లు పోతుంది. బ్రేకు పట్టాక ఇంకో 5 మీటర్లు. మొత్తం 13 మీటర్లలో ఆగిపోతుంది. 50 వేగంలో ఆ మొదటి సెకనులోనే 14 మీటర్లు పోతుంది. అంటే 13 మీటర్ల దూరంలో ఉన్న మనిషి ముందు 30తో వచ్చిన బండి ఆగి నిలబడితే, 50తో వచ్చిన బండికి బ్రేకు పడటం కూడా మొదలు కాదు. పూర్తి వేగంతో తగులుతుంది. ఇది పొడి రోడ్డు, మంచి టైర్లు, తక్కువ బరువు ఉన్నప్పటి లెక్క. వానలో, బస్తాల లోడుతో ఇంకా దూరం పోతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ బలం నాలుగింతలు అవుతుంది.

ఈ లెక్క తెలిసే ఎన్నో ఊళ్లు వేగం తగ్గించాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణం 1992లోనే ఇళ్ల మధ్య వీధుల్లో 30 పెట్టింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో సగానికి పైగా వీధుల్లో 30 హద్దు ఉంది. 2024 జూలై నుంచి ఏడాది పాటు ఆ నగరంలో రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదు. మన దగ్గర హైదరాబాద్‌లో 2022లో కొత్త హద్దులు వచ్చాయి. డివైడర్ ఉన్న రోడ్డు మీద కారుకు 60, మిగతా బండ్లకు 50. డివైడర్ లేకపోతే 50, 40. కాలనీ రోడ్ల మీద అన్ని బండ్లకూ 30.

చట్టంలో మీకు అక్కరకొచ్చే మాట

కేంద్రం 2018 ఏప్రిల్‌లో వేగానికి హద్దులు పెట్టింది. మున్సిపాలిటీ రోడ్ల మీద కారుకు 70, బైకుకూ సరుకు బండికీ 60, మూడు చక్రాల బండికి 50. ఇవి పై హద్దులు. అంత వేగంతో పొమ్మని ఎవరూ చెప్పలేదు. మన బజారుకు అవి చాలా ఎక్కువ. అందుకే 30 అనే హద్దు మనకు మనమే పెట్టుకోవాలంటున్నాను.

మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ చాలామంది డ్రైవర్లకు తెలియదు. హద్దు మీరి నడిపినవాడికే కాదు, తన దగ్గర పనిచేసే మనిషితో అలా నడిపించినవాడికీ ఆ సెక్షన్ కింద శిక్ష ఉంది. 2019 సవరణ తర్వాత చిన్న బండ్లకు 1,000 నుంచి 2,000 రూపాయలు, మధ్యరకం, భారీ బండ్లకు 2,000 నుంచి 4,000 రూపాయల జరిమానా రాశారు. రెండోసారి దొరికితే లైసెన్సు తీసుకుంటారు. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. హద్దు మీరితే తప్ప చేరలేని టైంలో చేరాలని ఎవరైనా ఆదేశం ఇచ్చినా, టైంటేబుల్ వేసినా, ఆ ఆదేశాన్నే వాళ్ల తప్పుకు ప్రాథమిక సాక్ష్యంగా కోర్టు తీసుకోవచ్చు. "పది నిమిషాల్ల రావాలె" అన్న సేటుకూ ఇది వర్తిస్తుంది, పార్సిల్ కంపెనీకీ వర్తిస్తుంది.

సేటుతో ఎలా మాట్లాడాలి

చట్టం పేరు చెప్పి కొట్లాడమని నేను అనను. నెల జీతం మీద ఇల్లు నడిచేవాడికి అది కుదరదు. పని తక్కువగా, గిరాకీ లేకుండా ఉన్నప్పుడు, పొద్దున షటర్ తీసే వేళ మాట్లాడండి. "సేటు, బజార్ల ముప్పై మీద పోత. రెండు నిమిషాలు ఆలస్యమైతది. బండికి దెబ్బ తగిలితే నాలుగు దినాలు షెడ్డుల ఉంటది, కేసు మీ పేరు మీదికి కూడ వస్తది" అని నిమ్మళంగా చెప్పండి. బండి ఆగిపోతే ఎంత నష్టమో సేటుకు మీకన్నా బాగా తెలుసు. ఫోన్ మాట కూడా అప్పుడే తేల్చుకోండి. నడిపేటప్పుడు ఎత్తనని, ఆగాక నేనే చేస్తానని చెప్పండి.

అడ్డా ఆటోవాళ్ల సంగతి వేరు. అక్కడ తొందరంతా సీరియల్ కోసం. ముందు వచ్చినవాడికే ముందు ట్రిప్పు అంటే అందరూ ఉరుకుతారు. ఒక్కడు మెల్లగా పోతే వాడి గిరాకీ పోతుంది. అందుకే అడ్డా మీద పదిమంది కూర్చుని, ఊళ్లో ఎవరూ 30 దాటొద్దని కలిసి అనుకోవాలి.

బండి మీద పాటించాల్సినవి

ఊరి మొదటి ఇల్లు కనబడగానే గేరు తగ్గించండి. ఖాళీ సడక్ మీద చాలాసేపు నడిపాక 50 కూడా మెల్లగా పోతున్నట్టే అనిపిస్తుంది. కంటిని నమ్మకండి, మీటరు చూడండి.

ఆగిన బస్సు, ఆగిన ఆటో కనబడితే దాని ముందు నుంచి ఒక పిల్లవాడు వస్తున్నాడనే అనుకోండి.

వడ్లు, మక్కలు ఆరబోసిన చోట సగం రోడ్డే ఉంటుంది. గింజల మీద టైరు జారుతుంది. రాత్రి అంచుకు పెట్టిన రాళ్లు కనబడవు.

స్కూలు పిల్లలను తీసుకుపోయేవాళ్లు ఐదు నిమిషాలు ముందు బయలుదేరండి. ఆలస్యం ఇంటి దగ్గరే మొదలవుతుంది, దాన్ని రోడ్డు మీద పూడ్చాలని చూడకండి.

బైకు మీద పోయేవాళ్లు గల్లీ వరకే అయినా హెల్మెట్ పెట్టుకోండి.

గల్ఫ్‌లో బండి నడిపి వచ్చిన అన్నలు మన దగ్గర ఇంటికొకరు ఉంటారు. అక్కడ రాడార్‌కు భయపడి బోర్డు మీది అంకె దాటకుండా ఏళ్ల తరబడి నడిపినవాళ్లే వీళ్లు. ఆ అలవాటును ఇక్కడా కాపాడుకుంటే, కొత్తగా స్టీరింగ్ పట్టిన తమ్ముళ్లు వాళ్లను చూసి నేర్చుకుంటారు.

ముందే చేసి పెట్టుకోవాల్సినవి

బ్యాంకులో ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోవచ్చు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు వర్తిస్తుంది. ప్రమాదంలో మరణిస్తే ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. బండి ఇన్సూరెన్సు, మీ లైసెన్సు తేదీలు రాసి పెట్టుకోండి.

ప్రమాదం జరిగితే పారిపోకండి. దెబ్బ తగిలినవాళ్లను దవాఖానకు చేర్చడం డ్రైవర్‌గా మీ బాధ్యత అని చట్టమే చెబుతుంది. 108కు ఫోన్ చేయండి. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా చికిత్స డబ్బు కట్టకుండానే జరుగుతుంది. డబ్బు లేదని ఎవరినీ రోడ్డు మీద వదిలేయకండి. సాయం చేసిన దారినపోయేవాళ్లకు కూడా చట్టం రక్షణ ఇచ్చింది.

బోర్డు కోసం అడగండి

వేగానికి కొత్త హద్దు పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారం ఇచ్చిన అధికారులకూ ఉంది. సోమవారం జగిత్యాల కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అడ్డా ఆటోవాళ్లు, స్కూలు వ్యాను డ్రైవర్లు, బీడీ కార్మికులు కలిసి ఒక అర్జీ పెట్టండి. ఏ బడి ముందు, ఏ దవాఖాన ముందు 30 బోర్డు కావాలో, ఎక్కడ జీబ్రా గీతలు చెరిగిపోయాయో, ఏ స్పీడ్ బ్రేకర్‌కు తెల్లరంగు లేదో చోటు పేరుతో రాయండి. అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోండి. బండి నడిపేవాళ్లే వేగం తగ్గించమని అడిగితే ఆ అర్జీకి బరువు ఉంటుంది.

అప్పటిదాకా ఒక పని చేయండి. వచ్చే వారం రోజులూ ఊళ్లో 30 దాటకుండా నడపండి. ప్రతి ట్రిప్పు బయలుదేరిన టైం, చేరిన టైం చిన్న నోటుబుక్కులో రాయండి. పోయిన వారం ట్రిప్పులతో పోల్చి చూడండి. ఎన్ని ట్రిప్పులు తగ్గాయో, అసలు తగ్గాయో లేదో మీకే కనబడుతుంది. ఆ నోటుబుక్కు తీసుకెళ్లి సేటు ముందు పెట్టండి. నా మాటల కన్నా మీ చేతి రాతలో ఉన్న ఆ అంకెలే సేటుకు బాగా అర్థమవుతాయి.