ఇంజను వేగమునకు హద్దు ఎందుకు? - రెండు స్ట్రోకులు, నాలుగు స్ట్రోకులు

మన పొలములలో రెండు రకముల ఇంజన్లు కానవచ్చును. కాలువ గట్టునను, బావి వద్దను నీరు తోడు ఆయిలు ఇంజను నాలుగు స్ట్రోకులది. ఇది సాధారణముగా నిమిషమునకు 1,500 చుట్లు తిరుగును. వీపున తగిలించుకొని మందు చల్లు పవర్ స్ప్రేయర్లలో పెక్కింటికి రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజను ఉండును. ఇది 6,000 నుండి 7,000 చుట్ల వరకు తిరుగును.

"చంకన పట్టునంతటి ఇంజను ఏడు వేల చుట్లు తిరుగుచుండగా, నలుగురు మోయవలసిన ఇంజను రెండు వేలైనను తిరుగలేదా?" అని ఒక రైతు తలచెను. నారుమడి ఎండుచున్నది, నీరు చాలదు. ఆయన తన 5 అశ్వశక్తుల ఇంజను గవర్నరు లీవరును తీగెతో కట్టివేసెను. నీరు కొంత హెచ్చినది, నల్లని పొగయు హెచ్చినది. మూడవ నాడు బావిలో నీరు దిగి ఫుట్ వాల్వు గాలి పీల్చుకొనెను. పంపుపై బరువు తొలగగానే ఇంజను పట్టపగ్గములు లేక తిరిగి, కనెక్టింగు రాడ్డు విరిగి క్రాంకు పెట్టెను పగులగొట్టుకొని వెలుపలికి వచ్చెను. మనుష్యులకు దెబ్బ తగులకపోవుట అదృష్టము. ఇంజనూ పోయినది, నారూ పోయినది. ఆ రైతు వేసిన ప్రశ్న మంచిదే. దానికి సరియైన జవాబు తెలిసికొనకపోవుటయే నష్టమునకు కారణము.

స్ట్రోకు అనగా నేమి?

పిస్టను క్రిందినుండి పైకిగాని, పైనుండి క్రిందికిగాని ఒకసారి పోవుటయే స్ట్రోకు. గాలిని పీల్చుట, నొక్కుట, మండించుట, పొగను వెడలగొట్టుట అను నాలుగు పనులను నాలుగు స్ట్రోకులలో, అనగా రెండు చుట్లలో, ముగించునది నాలుగు స్ట్రోకుల ఇంజను. ఈ పద్ధతిపై ఒట్టో అను జర్మను 1876లో ఇంజనును నడిపెను. ఆ పనులనే ఒక్క చుట్టులో ముగించునది రెండు స్ట్రోకుల ఇంజను.

ప్రతి చుట్టునకు ఒకసారి మండును గనుక రెండు స్ట్రోకుల ఇంజను రెట్టింపు వేగముతో తిరుగునని కొందరందురు. ఇది పొరపాటు. ఎక్కువసార్లు మండుటవలన బలము హెచ్చవచ్చును గాని, వేగమునకు హద్దు దానివలన ఏర్పడదు. పెద్ద ఓడలను నడుపు డీజిలు ఇంజన్లు రెండు స్ట్రోకులవే. అవి నిమిషమునకు సుమారు 100 చుట్లు మాత్రమే తిరుగును. మరియొక వంక, ఫార్ములా వన్ పోటీకార్ల నాలుగు స్ట్రోకుల ఇంజన్లకు 2009లో నియమావళి విధించిన హద్దు 18,000 చుట్లు. కావున స్ట్రోకుల లెక్క ఒక్కటే చాలదు. హద్దును ఏర్పరచు కారణములు మూడు కలవు.

మొదటిది - పిస్టను బరువు, నడక దూరము

మేకపిల్ల గంతులు వేయును, ఎద్దు వేయలేదు. పిస్టను ప్రతి స్ట్రోకు చివర ఆగి వెనుకకు మరలవలెను. అప్పుడు రాడ్డుపై పడు లాగుడు పిస్టను బరువును బట్టియు, స్ట్రోకు పొడవును బట్టియు పెరుగును. వేగము రెట్టింపైనచో లాగుడు నాలుగు రెట్లగును.

ఆయిలు ఇంజను పిస్టను బరువు ఒక కిలో, స్ట్రోకు 110 మిల్లీమీటర్లు అనుకొందము. 1,500 చుట్ల వద్ద లాగుడు సుమారు 170 కిలోల బరువునకు సమానము. 1,800 చుట్లలో అది 245 కిలోలగును. అదే పిస్టనును 7,000 చుట్లు తిప్పినచో 3,700 కిలోలగును! స్ప్రేయరు పిస్టను 100 గ్రాములు, స్ట్రోకు 30 మిల్లీమీటర్లు అనుకొన్నచో, 7,000 చుట్లలోను లాగుడు సుమారు 100 కిలోలే. చిన్నది వేగముగా తిరుగుటలోని రహస్యమిదియే.

పిస్టను సెకనుకు సగటున నడచు దూరము చూడుడు. ఆయిలు ఇంజనులో 5.5 మీటర్లు, స్ప్రేయరులో 7 మీటర్లు, రెండున్నర మీటర్ల స్ట్రోకుగల ఓడ ఇంజనులో 8.3 మీటర్లు. చుట్లలో ఎంతయో తేడా ఉన్నను, నడకలో తేడా స్వల్పమే.

రెండవది - వాల్వులు

నాలుగు స్ట్రోకుల ఇంజనులో వాల్వును క్యాము తెరచును, స్ప్రింగు మూయును. 1,500 చుట్లలో ప్రతి వాల్వు సెకనుకు 12 లేక 13 సార్లు తెరచుకొనును. 7,000 చుట్లయినచో 58 సార్లు తెరచుకొనవలెను. అంత వేగమునకు తగిన స్ప్రింగు లేనిచో వాల్వు సకాలమున మూసికొనక పిస్టనునకు తగులవచ్చును. స్ప్రేయరు వంటి చిన్న రెండు స్ట్రోకుల ఇంజనులో ఈ వాల్వులు లేవు. సిలిండరు గోడలోని రంధ్రములను పిస్టనే మూయుచు తెరచుచుండును.

మరియొక విశేషము. రెండు స్ట్రోకుల ఇంజనులో పిస్టను పైకి వచ్చిన ప్రతిసారి నొక్కబడిన గాలి దానికి మెత్తవలె అడ్డుపడును. నాలుగు స్ట్రోకులలో పొగ వెడలిన పిమ్మట పైన మెత్త ఉండదు; లాగుడంతయు రాడ్డు బోల్టులే భరింపవలెను. అతివేగమున బోల్టులు తెగుటకు ఇది ముఖ్య కారణము.

మూడవది - ఊపిరి, మంట

రెండు స్ట్రోకుల ఇంజనుకును హద్దు కలదు. 7,000 చుట్లలో ఒక చుట్టునకు పట్టు కాలము సెకనులో 117వ వంతు. అందులో సుమారు మూడవ వంతు కాలముననే కొత్త గాలి లోనికి రావలెను. వేగము మరింత హెచ్చినచో ఊపిరి చాలక బలము తగ్గును. డీజిలు ఇంజనులో నూనె చిమ్మబడిన పిదప గాలితో కలిసి అంటుకొనుటకు వ్యవధి కావలెను. పైగా దానిలో ఒత్తిడి హెచ్చు గనుక భాగములు బరువుగా చేయుదురు. అందుచేత దానిని తక్కువ వేగమునకే నిర్మింతురు.

మీరు పాటింపవలసినవి

1. గవర్నరును కట్టివేయరాదు, దాని స్ప్రింగును బిగింపరాదు. పంపు వేగము అయిదవ వంతు పెంచినచో నీరు అయిదవ వంతే పెరుగును గాని, కావలసిన శక్తి 1.73 రెట్లగును. 4 అశ్వశక్తులు చాలినచోట దాదాపు 7 కావలెను. నల్లని పొగ దానికి గుర్తు.

2. నీరు చాలనిచో ముందుగా ఫుట్ వాల్వును శుభ్రపరచుడు, గాలి పీల్చు జాయింట్లను బిగింపుడు, అనవసరపు వంపులను తీసివేయుడు, పంపును నీటి మట్టమునకు దగ్గరగా దింపుడు. అప్పటికిని చాలనిచో తగిన పంపును ఎన్నుకొనుడు.

3. ఇంజను అదుపు తప్పినచో రాడ్డుకును ఫ్లైవీలుకును ఎదురుగా నిలువక, ప్రక్కనుండి డీజిలును ఆపివేయుడు.

4. స్ప్రేయరు పెట్రోలులో నూనెను తయారుదారు చెప్పిన పాళ్లలో కలుపుడు. 25కు 1 అయినచో లీటరుకు 40 మిల్లీలీటర్లు. 50కి 1 అయినచో 20 మిల్లీలీటర్లు. దాని పిస్టనుకు వేరు నూనె లేదు. నూనె లేక ఏడు వేల చుట్లు తిరిగిన పిస్టను కొద్దిసేపటికే పట్టివేయును. నాలుగు స్ట్రోకుల స్ప్రేయరైనచో పెట్రోలులో నూనె కలుపరాదు. నూనెను దాని గదిలోనే పోయవలెను.

5. గడ్డికోత యంత్రమును కోత లేనప్పుడు పూర్తి వేగమున నడుపరాదు. బరువు లేని ఇంజను హద్దు మీరును.

ఇంజను పలకపై చెక్కిన చుట్ల సంఖ్య అలంకారమునకు కాదు. దాని పిస్టను, రాడ్డు, బోల్టులు ఎంత భరింపగలవో లెక్కించి వ్రాసినది. కొనిన నాడే దానిని చదివి గుర్తుంచుకొనుడు. ఇంజనును నడుపు కూలివానికిని చెప్పుడు.